పదిహేనంగుళాల తికమక: కారు టైరు, మోటారు సైకిలు టైరు వేరుపడిన కథ

భిలాయిలోని స్మృతి నగర్‌లో మీ ఇల్లు ఉందనుకోండి. ఉక్కు కర్మాగారం పని కోసం మీ తాతగారు శ్రీకాకుళం నుండో విజయనగరం నుండో వచ్చి ఇక్కడే స్థిరపడి ఉంటారు. ఈ ఊళ్ళో తెలుగు కుటుంబాలకు అది కొత్త కథేమీ కాదు. మీ అన్నయ్య దగ్గర ఒక బజాజ్ అవెంజర్ మోటారు సైకిలు ఉంది. దాని వెనుక టైరు అరిగి గుండు అయిపోయింది. టైరు పక్కగోడ మీద చూస్తే 130/90-15 అని ఉంది. పక్కింటివారి షెడ్డులో ఎప్పటిదో అంబాసిడర్ కారు ఒకటి దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది. దాని టైరు మీద 5.90-15 అని ఉంది. "ఇదీ పదిహేనే, అదీ పదిహేనే! కారు టైరయితే రెండింతలో మూడింతలో మన్నుతుంది. వెనుక చక్రానికి దాన్నే ఎక్కిస్తే పోలా?" అని మీకు తోచింది.

ఈ ప్రశ్నను నవ్వి తోసిపారేయకండి. అమెరికాలో కొందరు తమ భారీ మోటారు సైకిళ్ళకు వెనుక కారు టైరు బిగించి ఏళ్ళ తరబడి నడుపుతున్నారు. టైర్ల కంపెనీలు వద్దంటాయి, బండ్ల కంపెనీలు వద్దంటాయి, అయినా వాళ్ళు వినరు. వారి వాదనలో కొంత నిజం ఉంది కూడా. ఆ నిజం ఎంత, అది ఎక్కడ తెగిపోతుంది అన్నది తెలుసుకోవాలంటే రెండు చోట్లకు వెళ్ళిరావాలి. ఒకటి, నూట ఎనభై ఏళ్ళ నాటి లండన్. రెండోది మీ ఊరి కర్మాగారంలోనే తయారయ్యే రైలు పట్టా.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

ముందుగా ఆ అంకెల సంగతి చూద్దాం. 130/90-15లో 130 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 90 శాతం అని అర్థం, అంటే 117 మిల్లీమీటర్లు. చివరి 15 టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు ఒకే వరసలో! దీన్ని ఎవరైనా కావాలని ఇలా రూపొందించి ఉంటారని నేననుకోను. ఒక్కో కాలంలో ఒక్కో ముక్క చేరింది. అంబాసిడర్ టైరు మీది 5.90 పాత పద్ధతి. అది వెడల్పును అంగుళాలలోనే చెబుతుంది. దాన్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే 150. అంటే అవెంజర్ టైరు కంటే 20 మిల్లీమీటర్లు ఎక్కువ. చెయినుకూ చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతులకూ మధ్య అంత ఖాళీ ఉంటుందో లేదో కొలిచి చూస్తేగాని చెప్పలేం.

అయితే అసలు సంగతి అంకెల్లో లేదు. దోసకాయను అడ్డంగా కోసినట్లు రెండు టైర్లనూ కోసి పక్కపక్కన పెట్టామనుకోండి. మోటారు సైకిలు టైరు నేలను తాకే వైపు అర్ధచంద్రాకారంలో గుండ్రంగా ఉంటుంది. కారు టైరుకు అదే వైపు బల్లపరుపుగా ఉండి, రెండు మూలల దగ్గర ఒక్కసారిగా మడత పడుతుంది. ఈ తేడాను ఏ అంకే చెప్పదు. టైరు షాపులో ఇద్దరు పక్కపక్కన నిలబడి అంకెలు చదువుకుంటూ పోతే ఇద్దరూ తప్పుదారి పట్టే అవకాశం ఉంది.

పశువైద్యుడూ, ముళ్ళ ట్యూబూ

ఈ రెండూ మొదట్లో ఒకే తల్లి బిడ్డలు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు బ్రిటన్‌లో ఒక పేటెంటు పొందాడు. తోలు తొడుగు లోపల రబ్బరు పూసిన గుడ్డ గొట్టం, అందులో గాలి. ఇదే ఆయన చక్రం. 1847లో లండన్‌లోని రీజెంట్ పార్కులో గుర్రపు బండికి బిగించి చూపాడు. బండి చప్పుడు చేయకుండా, తేలికగా కదిలింది. కాని అప్పటికి సైకిలు లేదు, కారు లేదు. అవసరం రాకముందే వచ్చిన ఆలోచన కావడం వల్ల జనం దాన్ని మరచిపోయారు.

నలభై ఏళ్ళ తర్వాత బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. థామ్సన్ సంగతి ఆయనకు తెలియదు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ టైర్లు వేసుకున్న సైకిలు పందేలు గెలిచింది. 1890లో పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. అయినా పేరు మాత్రం డన్‌లప్‌కే మిగిలింది. ఆ పేరు మీద కంపెనీ పెరిగి, 1936లో పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం నిలబెట్టింది. ఉత్తర భారతంలో గాలి టైర్ల బండిని 'డన్‌లప్' అనే పిలిచేంతగా ఆ పేరు ఊళ్ళలోకి వెళ్ళింది. మన తెలుగు పల్లెల్లో దాన్ని 'టైరు బండి' అంటారు.

ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో విప్పి మళ్ళీ బిగించగలిగే సైకిలు టైరు చేశారు. అంతకు ముందు టైరును రిమ్ముకు జిగురుతో అంటించేవారు. పంక్చరు పడితే ఆ పూట గడిచినట్టే. 1895లో పారిస్ నుండి బోర్డోకు వెళ్ళి తిరిగి వచ్చే కార్ల పందెంలో అన్నదమ్ములు తామే ఒక కారుకు గాలి టైర్లు వేసి నడిపారు. దారి పొడవునా పంక్చర్లే. గెలవలేదు గాని కారు బరువును గాలి మోయగలదని లోకం చూసింది.

మరి మోటారు సైకిలు? 1885లో జర్మనీలో డైమ్లర్, మేబాక్ తయారుచేసిన మొదటి పెట్రోలు ద్విచక్ర వాహనానికి చెక్క చక్రాలు, వాటి చుట్టూ ఇనుప పట్టీ. దాని పక్కన రెండు చిన్న ఊత చక్రాలు కూడా ఉండేవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. ఊత చక్రాలున్న బండి పక్కకు వంగదు. వంగని బండికి చదునైన ఇనుప పట్టీ సరిపోయింది. 1894లో మ్యూనిక్ నగరంలో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ తయారుచేసి అమ్మిన బండికి ఊత చక్రాలు లేవు, గాలి టైర్లు వచ్చాయి. వంగే మోటారు సైకిలు అక్కడ మొదలైంది.

ఆ రోజుల్లో కారు టైరు కూడా సైకిలు టైరు లాగే సన్నగా, గుండ్రంగా, రాయిలా గట్టిగా ఉండేది. 1910 ప్రాంతంలో 'సైకిల్ కారు' అనే చిన్న బండ్లు వచ్చాయి. వాటికి మోటారు సైకిలు ఇంజనే, టైర్లూ ఆ తరహావే. అంటే అప్పట్లో మీ ప్రశ్నకు తిరగేసిన జవాబు ఉండేది: మోటారు సైకిలు టైరును కారుకు వేసేవారన్నమాట.

తర్వాత దారులు చీలాయి. కార్లు బరువెక్కాయి. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ తక్కువ గాలి పీడనంతో నడిచే లావు 'బెలూన్' టైర్లను మార్కెట్లోకి తెచ్చింది. 1946లో మిషెలిన్ 'రేడియల్' టైరుకు పేటెంటు తీసుకుంది. 1949 నుండి అమ్మింది. ఇందులో దారాలు ఒక అంచు నుండి మరో అంచుకు నిట్టనిలువుగా, చక్రపు ఆకుల్లా సాగుతాయి. వాటి చుట్టూ ఉక్కు తీగెల పటకా ఒకటి బిగువుగా ఉంటుంది. పక్కగోడ మెత్తగా వంగుతుంది, పటకా మాత్రం నేల మీద పరచుకునే ఉంటుంది. కారుకు ఇంతకన్నా కావలసింది లేదు.

మోటారు సైకిలుకు రేడియల్ రావడానికి 1980లు దాకా ఆగవలసి వచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా ఆలస్యం! ఇంజనీర్లు నిద్రపోయి కాదు. చదునైన ఉక్కు పటకా, మెత్తని పక్కగోడ ఉన్న టైరును పక్కకు వంచితే ఏమవుతుందో వారికి తెలుసు. పటకాను గుండ్రంగా వంచి, పక్కగోడను పొట్టిగా, గట్టిగా చేయడం నేర్చుకున్నాకనే ఆ పని సాధ్యమైంది. మీ ప్రశ్నకు సగం జవాబు ఈ మూడు దశాబ్దాల ఆలస్యంలోనే ఉంది.

టీ గ్లాసు చేసే ప్రయోగం

మిగిలిన సగానికి భిలాయి కర్మాగారం వైపు చూద్దాం. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుండి మన రైళ్ళు నడిచే పట్టాల్లో అత్యధిక భాగం ఇక్కడివే.

రైలుకు స్టీరింగు లేదు. మరి మలుపు ఎలా తిరుగుతుంది? చక్రానికి లోపలి వైపు ఉన్న ఎత్తైన అంచు పట్టాకు ఒరుసుకుని తిప్పుతుందని చాలామంది అనుకుంటారు. ఆ అంచు ఆపద్ధర్మానికే. అసలు పని చేసేది చక్రపు వాలు. చక్రం సరిగ్గా స్థూపంలా ఉండదు. 20కి 1 చొప్పున ఏటవాలుగా, శంకువు ముక్కలా ఉంటుంది. ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలు మలుపులో బయటి వైపుకు ఐదు మిల్లీమీటర్లు జరిగాయనుకోండి. బయటి చక్రం కాస్త లావు చోట, లోపలి చక్రం కాస్త సన్నని చోట పట్టాను తాకుతాయి. రెంటి వ్యాసార్థాలకూ మధ్య అర మిల్లీమీటరు తేడా వస్తుంది. అంతే! ఆ అర మిల్లీమీటరుకే చక్రాల జత సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల వ్యాసార్థం గల వలయం మీద తనంత తానే తిరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే వంటింట్లోంచి స్టీలు గ్లాసు ఒకటి తీసుకోండి. మూతి వెడల్పుగా, అడుగు సన్నంగా ఉండేది కావాలి. గచ్చు మీద పడుకోబెట్టి నెట్టండి. అది తిన్నగా పోదు, అడుగు వైపుకు చుట్టు తిరిగి వస్తుంది. ఇప్పుడు పైనా కిందా ఒకే వెడల్పున్న డబ్బాను దొర్లించండి. అది తిన్నగా పోతుంది. శంకువు తిరుగుతుంది, స్థూపం తిరగదు.

ఇక మోటారు సైకిలు. గుండ్రని టైరు నిటారుగా ఉన్నప్పుడు మధ్య భాగం నేలను తాకుతుంది. పక్కకు వంచగానే తాకే చోటు నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. ఆ చోట చక్రం శంకువు ముక్కలా ఉంటుంది, గ్లాసు లాగే లోపలికి చుట్టు తిరగాలని చూస్తుంది. 30 డిగ్రీలు వంగిన చక్రాన్ని దానంతట వదిలితే మీటరు కంటే చిన్న వ్యాసార్థంలోనే చుట్టు తిరుగుతుంది. కాని అది బండికి బిగించి ఉంది, అంత గబుక్కున తిరగలేదు. తిరగాలన్న ఆ ఒత్తిడే నేల మీద పక్కకు తోపుగా మారి బండిని మలుపు లోపలికి నెడుతుంది. మోటారు సైకిలుకు మలుపులో కావలసిన అభికేంద్ర బలంలో చాలా మటుకు ఇలా వంగడం వల్లనే వస్తుంది. హ్యాండిలు తిప్పడం వల్ల వచ్చేది తక్కువ.

ఎంత వంగాలి? మీరు చదువుకున్న సూత్రమే: వంపు కోణపు టాంజెంటు, వేగపు వర్గాన్ని మలుపు వ్యాసార్థంతోను, గురుత్వ త్వరణంతోను భాగిస్తే వచ్చేంత. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. 20 మీటర్ల వ్యాసార్థం గల మలుపులో ఇది 32 డిగ్రీల దాకా వస్తుంది. ఇందులో బండి బరువు ఎక్కడా లేదు చూశారా? మోపెడైనా బుల్లెట్టయినా అంతే వంగాలి.

కారు టైరు అవస్థ

కారు మలుపు తిరిగే తీరు వేరు. అది వంగదు, నిజానికి కొంచెం బయటికే ఒరుగుతుంది. స్టీరింగు తిప్పగానే ముందు చక్రం తాను చూస్తున్న దిక్కుకూ పోతున్న దిక్కుకూ మధ్య కొద్ది డిగ్రీల తేడాతో దొర్లుతుంది. నేలను పట్టుకున్న రబ్బరు మెలి పడి, తిరిగి తిన్నగా కావాలని లాగుతుంది. ఆ లాగుడే కారును తిప్పుతుంది. దీనికి వెడల్పుగా, చదునుగా, నిటారుగా ఉన్న టైరు కావాలి. అటువంటి టైరును పక్కకు వంచితే పుట్టే తోపు చాలా తక్కువ.

దాన్ని మోటారు సైకిలు వెనుక బిగించి వంచండి. మొదటి రెండు మూడు డిగ్రీలకే తాకే చోటు మధ్య నుండి ఒక్క ఉదుటున అంచుకు దూకుతుంది. నాలుగు కాళ్ళ బల్లను ఒక పక్కకు లేపి చూడండి, ఎలా మొరాయిస్తుందో. బండి కూడా అలాగే వంగనంటుంది. వంగిన తర్వాత లేచి నిలబడాలని చూస్తుంది. నడిపేవాడు మలుపు పూర్తయ్యేదాకా హ్యాండిలును నొక్కి పట్టుకోవాలి. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటే తిన్నని దారిలో కూడా బండి పల్లం వైపుకు లాగుతుంది. లారీల చక్రాలు తొక్కి గాడి చేసిన చోట ఈ లాగుడు ఇంకా ఎక్కువ.

మరో సంగతి. వెనుక చక్రం మీద 150 కిలోల బరువు, టైరులో సుమారు రెండు వాతావరణాల పీడనం ఉందనుకుందాం. బలాన్ని పీడనంతో భాగిస్తే వైశాల్యం వస్తుంది కదా: సుమారు 75 చదరపు సెంటీమీటర్లు. మీ అరచేయి కంటే చిన్నది. మనిషి ప్రాణం ఆ ముక్క మీద ఉంది. కారు టైరు వేస్తే ఈ ముక్క పెరుగుతుందని కొందరంటారు. పీడనం తగ్గించనిదే పెద్దగా పెరగదు. ముక్క ఆకారం మాత్రం మారి, అడ్డంగా వెడల్పై నిలువుగా కురచ అవుతుంది. గుండ్రని టైరు నీళ్ళను పడవ ముక్కులా రెండు పక్కలకూ చీలుస్తుంది. వెడల్పైన టైరు మీద తక్కువ బరువు పడితే నీటి పొర మీద తేలిపోయే ప్రమాదం ఎక్కువ. జూలైలో భిలాయి రోడ్ల మీద నిలిచే నీళ్ళను చూసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

రబ్బరు సంగతి కూడా ఉంది. ఒక మామూలు కారు టైరు నాలుగైదు వందల కిలోలు మోయడానికి తయారైంది. ఆ బరువు కింద నలిగి వేడెక్కితేనే దాని రబ్బరు పట్టు చూపుతుంది. మోటారు సైకిలు కింద అది సరిగా నలగనే నలగదు. ఎక్కువ కాలం మన్నడానికి కారణమూ అదే. మన్నిక అనే లాభం, పట్టు తక్కువ కావడం అనే నష్టం ఒకే మూలం నుండి వస్తున్నాయన్నమాట.

మూడో చక్రం తగిలితే

ఇంతవరకు చదివి, కారు టైరును మోటారు సైకిలు దరిదాపులకు రానీయకూడదని అనుకోకండి. ఇందాక డైమ్లర్ బండి ఊత చక్రాలను గుర్తుంచుకోమన్నాను. వంగని బండికి చదును టైరే మేలు.

పక్క తొట్టి బిగించిన మోటారు సైకిలు వంగలేదు. దాని గుండ్రని టైరు మధ్యలో అరిగి బోడి అయిపోతుంది. అందుకే ఐరోపాలో పక్క తొట్టి బండ్లవారు చాలాకాలంగా సిట్రోయెన్ 2సీవీ అనే చిన్న కారు టైర్లను వాడుతున్నారు. అది సన్నని టైరు, రిమ్ము మళ్ళీ ఆ పదిహేనంగుళాలే! అయితే వారు ఆ టైరుకు తగిన రిమ్మును చక్రానికి కట్టిస్తారు. మోటారు సైకిలు రిమ్ము మీదికి బలవంతాన ఎక్కించరు.

మన దేశంలోనూ ఇటువంటి బండ్లున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయిన హార్లే డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ళ వెనుక భాగం తీసేసి, రెండు చక్రాల ఇరుసు, సీట్లు బిగించి ఢిల్లీలో 'ఫట్‌ఫటీ' టాక్సీలుగా తిప్పారు. చాందినీ చౌకు నుండి కన్నాట్ ప్లేసు దాకా వాటి మోత వినబడేది. కాలుష్యం కారణంగా 1990ల చివర వాటిని ఆపేశారు. గుజరాత్‌లో బుల్లెట్ మోటారు సైకిలు ముందు భాగానికి వెనుక రెండు చక్రాల తొట్టి తగిలించిన 'ఛకడో' బండ్లు పల్లెల్లో మనుషుల్నీ మేకల్నీ వేరుశనగ బస్తాల్నీ మోశాయి. అదే గుజరాత్‌లో, అమ్రేలీ జిల్లాలో మన్సుఖ్‌భాయి జగానీ అనే ఆయన 1994లో బుల్లెట్‌ను దుక్కి దున్నే బండిగా మార్చాడు. వెనుక చక్రం తీసి రెండు చక్రాల చట్రం, దానికి గుంటక బిగించాడు. ఎడ్లు కొనలేని రైతుకు అది అక్కరకొచ్చింది. ఆ యంత్రం పేరు 'బుల్లెట్ సాంతీ'. దానికి పేటెంటు కూడా వచ్చింది.

వీటిలో ఏ ఒక్కటీ మలుపులో వంగదు. ఇరుసు మీద రెండు చక్రాలు పడగానే బండి మోటారు సైకిళ్ళ కులం వదిలి కార్ల కులంలో చేరిపోయింది. రంగు, ఇంజను, హ్యాండిలు మాత్రం పాతవే.

అమెరికా వారి మొండితనం

ఇప్పుడు మొదట చెప్పిన అమెరికా వారి దగ్గరకు వద్దాం. వారిలో ఎక్కువమంది నడిపేది హోండా గోల్డ్ వింగ్ వంటి బండి. 2001లో వచ్చిన 1800 సీసీ గోల్డ్ వింగ్ బరువు 400 కిలోలకు దగ్గర. వెనుక టైరు 180/60, రిమ్ము 16 అంగుళాలు. వారు దానికి 195/55 కొలత గల 16 అంగుళాల కారు టైరు వేస్తారు. తమను తాము సరదాగా 'డార్క్‌సైడర్లు', అంటే చీకటి పక్షం వారు అని పిలుచుకుంటారు.

వారి లెక్క ఇది. ఈ బండ్లకు మోటారు సైకిలు టైరు ఖరీదెక్కువ. సూటిగా పోయే పొడవాటి రహదారుల మీద మధ్య భాగమే అరిగి త్వరగా చదునైపోతుంది. కారు టైరు ఎన్నో రెట్లు మన్నుతుంది. పీడనం కొంచెం తగ్గిస్తే పక్కగోడ వంగి, వంపులో కూడా రబ్బరు కొంత నేల మీదే ఉంటుంది. పంక్చరైనా కొంత దూరం నడిచే గట్టి పక్కగోడ టైర్లు కార్లకు దొరుకుతాయి. ఇవేవీ అబద్ధాలు కావు. బరువైన బండి, తిన్నని దారి, నెమ్మదస్తుడైన నడిపేవాడు. ఈ మూడూ కలిస్తే వాళ్ళు ఇల్లు చేరుతున్నారు.

నాకు మాత్రం ఇక్కడ ఒక అనుమానం. లక్ష కిలోమీటర్లు నడిపాను, నాకేమీ కాలేదు అనేవాడి మాట మనకు వినబడుతుంది. మలుపులో ఎడ్లబండి ఎదురొచ్చి, ఒక్కసారిగా మరో పది డిగ్రీలు వంగవలసి వచ్చి, బండి వంగనని మొరాయించినవాడి మాట వినబడదు. విజ్ఞాన శాస్త్రంలో దీన్ని నమూనా దోషం అంటారు. బతికివచ్చినవారిని మాత్రమే అడిగి ఈత రాకపోయినా నది దాటవచ్చని తేల్చడం వంటిది. పైగా అవెంజర్ గోల్డ్ వింగ్ కాదు. బరువులో సగానికీ తక్కువ. టైరును నలిపే బరువు లేని చోట వారి లెక్కలో మొదటి మెట్టే విరిగిపోతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది రోడ్డు మీద జరిగేది కాదు, టైరు షాపులో జరిగేది. టైరు లోపలి అంచున ఉక్కు తీగెల కట్ట ఉంటుంది. దాన్ని బీడు అంటారు. గాలి కొట్టినప్పుడు ఆ అంచు రిమ్ము మీది గట్టుపై 'టప్' మని కూర్చోవాలి. కారు రిమ్ము గట్టు ఆకారం, మోటారు సైకిలు రిమ్ము గట్టు ఆకారం ఒకటి కావు. రెండింటి మీదా 15 అనే ఉన్నా, వాటి ప్రమాణాలు వేరు. మొండికేసిన అంచును కూర్చోబెట్టడానికి పీడనం పెంచుతూ పోతారు. ఆ తీగె తెగితే టైరు బాంబులా పేలుతుంది. అప్పుడు దగ్గర ఉండేది బండి యజమాని కాదు, గాలి కొట్టే కుర్రవాడు. కూర్చున్నట్టే కనబడి సరిగా కూర్చోకపోతే అది మరో ప్రమాదం. ఏదో ఒక మలుపులో ఆ అంచు గట్టు దిగి గాలి ఒక్కసారిగా పోతుంది.

మన ప్రమాణాల సంస్థ ఈ తేడాను చక్కగా గుర్తించింది. కారు టైర్లకు ఐఎస్ 15633, ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు ఐఎస్ 15627 అని వేరువేరు ప్రమాణాలున్నాయి. ఆటో వంగదు, స్కూటరు వంగుతుంది; ఆ రెంటినీ ఒకే గంపలో వేయడం నాకు కొంచెం వింతగానే ఉంటుంది, అది వేరే సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. పోలీసుల జరిమానా కంటే, ప్రమాదం జరిగిన తర్వాత బీమా కంపెనీ ఆ టైరును చూసి ఏమంటుందన్నది ఇంట్లో పెద్దవారు ఆలోచించవలసిన విషయం.

ఇక అన్నయ్య అవెంజర్ టైరు సంగతి. ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి, కార్లకు 1.6. గాడిలో అగ్గిపుల్ల నిలబెట్టి, మునిగినంత మేర గుర్తు పెట్టి స్కేలు మీద కొలవండి. తర్వాత కాలేజీ సైకిలు స్టాండుకు వెళ్ళి, వరుసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ళ వెనుక టైర్లను వంగి చూడండి. కొన్నిటికి మధ్యలో రెండు వేళ్ళ వెడల్పున చదును పడి ఉంటుంది. అవి రోజూ జి.ఇ. రోడ్డు మీద తిన్నగా వచ్చిపోయే బండ్లు కావచ్చు. కొన్ని అంచుల దాకా సమంగా అరిగి ఉంటాయి. చదును పడిన బండి యజమానిని కనుక్కుని, మలుపు తిప్పేటప్పుడు బండి మొదట కాస్త మొరాయించి, ఆపైన గబుక్కున పడిపోయినట్టు వంగుతోందా అని అడగండి. అవునంటే, అతని టైరు తనకు తానే కొంత కారు టైరుగా మారిపోయిందన్నమాట.